సుయికో సీమౌంట్ వయసు 6.47 కోట్లా, 6.1 కోట్లా? వేగం లెక్క ఎక్కడ తప్పుతోంది?

లోతుకొలత

అందరికీ నమస్కారం. హవాయి–ఎంపరర్ వరస (హాట్‌స్పాట్ అనే, అడుగు నుంచి మాగ్మా ఎగదన్నే చోటు మీదుగా పసిఫిక్ పలక జరుగుతుంటే పుట్టిన అగ్నిపర్వతాల బారు) మీద ఎమ్మెస్సీ జియాలజీ వాళ్ళ కోసం ఒక లెక్కల పత్రం తయారుచేస్తున్నాను. అంకెలు పొసగడం లేదు.

హవాయిలోని కిలవేయా అగ్నిపర్వతం నుంచి వరస వెంబడి కొలిస్తే, వరస దిశ మారే మలుపు దగ్గరున్న డైకాకుజి సీమౌంట్‌కి (సముద్రంలో మునిగిన కొండకి) సుమారు 3,490 కి.మీ., సుయికోకి సుమారు 4,860 కి.మీ. రెండింటి మధ్య 1,370 కి.మీ. పాత పుస్తకాల్లో సుయికో వయసు 6.47 కోట్ల ఏళ్ళు, మలుపు వయసు 4.3 కోట్ల ఏళ్ళు. అంటే 2.17 కోట్ల ఏళ్ళలో 1,370 కి.మీ. ఏడాదికి 63 మి.మీ. వస్తుంది. 2006 తర్వాతి అంకెలు తీసుకుంటే సుయికో 6.09, డైకాకుజి దాదాపు 4.7. అప్పుడు అదే దూరానికి 1.39 కోట్ల ఏళ్ళే. వేగం ఏడాదికి 99 మి.మీ.కి ఎగబాకుతోంది. 63 ఎక్కడ, 99 ఎక్కడ?

నా సందేహాలు మూడు. ఒకే కొండకి వయసు దాదాపు 40 లక్షల ఏళ్ళు ఎందుకు మారింది? సుయికో కోర్లలో (డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీల్లో) పురా అక్షాంశం, అంటే కొండ పుట్టినప్పటి అక్షాంశం, 27 డిగ్రీలని ఉంది, హవాయి ఉన్నది 19 దగ్గర. ఈ తేడాని ఎంతవరకు నమ్మొచ్చు? ఇక డ్రిల్ చేయని సీమౌంట్లకి డ్రెడ్జ్ రాళ్ళే (ఓడ నుంచి సంచి దించి అడుగున లాగి తెచ్చినవే) దిక్కు కదా, వాటి వయసుని అదే పట్టికలో పెట్టొచ్చా?

ఆర్గాన్‌మెట్లు

మొదటి సందేహానికి నేను రాస్తాను. కొండ వయసు మారలేదు, కొలిచే పద్ధతి మారింది. 4.3 కోట్లు అన్నది 1970ల నాటి అంకె. డైకాకుజి, యుర్యాకు దగ్గర దొరికిన రాళ్ళ మీద ఎక్కువగా పొటాషియం–ఆర్గాన్ పద్ధతితో (పొటాషియం క్షయమై పుట్టిన ఆర్గాన్‌ని రాతిలోని పొటాషియంతో భాగించి వయసు కట్టే పద్ధతితో) వచ్చింది. సముద్రం అడుగున కోట్ల ఏళ్ళు నానిన బసాల్ట్‌కి ఆ పద్ధతి సరిపడదు. ఉప్పునీరు రాతిలోకి దిగి, లావాలోని గాజు భాగాన్ని స్మెక్టైట్, సెలడోనైట్ లాంటి మట్టి ఖనిజాలుగా మారుస్తుంది. వాటితో పాటు నీటిలోని పొటాషియం రాతిలో చేరుతుంది, ఉన్న ఆర్గాన్ కొంత కారిపోతుంది. లవం తగ్గి హారం పెరిగింది కాబట్టి వయసు అసలు కన్నా తక్కువ చూపిస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో వచ్చే తప్పు కూడా ఉంది. పిల్లో లావా (నీటిలో పారి దిండ్లలా గడ్డకట్టిన లావా) అంచున ఉండే నల్లటి గాజు చూడ్డానికి తాజాగా ఉంటుంది, అందుకని చాలామంది ముందు దాన్నే ఎంచుకుంటారు. ఎక్కువ నీటి ఒత్తిడి కింద గభాలున గడ్డకట్టడంతో అందులో మాగ్మా తాలూకు ఆర్గాన్ చిక్కుకుపోతుంది, పొటాషియమేమో చాలా తక్కువ. వయసు ఎక్కువ చూపిస్తుంది. ప్రవాహం మధ్యభాగంలో నెమ్మదిగా చల్లారి, గింజలు కాస్త పెరిగిన రాయి కావాలి.

ఇప్పుడు చేసేది ఆర్గాన్-40/ఆర్గాన్-39 పద్ధతి. రాతిని దంచి సుమారు 150–250 మైక్రాన్ల జల్లెడలో పట్టి, ప్లేజియోక్లేజ్ అనే ఖనిజపు గింజల్ని, గ్రౌండ్‌మాస్‌ని (వాటి చుట్టూ ఉండే సన్నగింజల రాతిని) వేరు చేస్తారు. తర్వాత ఆమ్లాల్లో కడగడం. 1 నార్మల్ హైడ్రోక్లోరిక్, 6 నార్మల్ హైడ్రోక్లోరిక్, 1 నార్మల్ నైట్రిక్, 3 నార్మల్ నైట్రిక్, చివర శుద్ధజలం. ఒక్కొక్కదానిలో గంటసేపు, అల్ట్రాసోనిక్ తొట్టిలో. మట్టి ఖనిజాలు పోవడానికే ఇదంతా. ఆపైన మైక్రోస్కోపు కింద పెట్టి ఆకుపచ్చ మరక, తెల్ల పొడి ఉన్న గింజని ఒక్కొక్కటిగా ఏరిపారేయాలి. విసుగు పని, కానీ ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ గణితమూ కాపాడదు.

గింజల్ని రియాక్టర్‌లో న్యూట్రాన్లకి గురిచేస్తే పొటాషియం-39లో కొంత ఆర్గాన్-39 అవుతుంది. అంటే పొటాషియాన్ని విడిగా కొలవక్కర్లేదు, ఒకే నమూనా, ఒకే యంత్రం. లేజర్‌తోనో ఫర్నేస్‌తోనో మెట్టుమెట్టుగా వేడి పెంచుతూ ప్రతి మెట్టులో వెలువడిన వాయువుకి వయసు కడతారు. తక్కువ వేడికి వచ్చే మొదటి మెట్లు పాడైన భాగాలవి, అవి చెదురుతాయి. నడుమ వరసగా కనీసం మూడు మెట్లు, మొత్తం ఆర్గాన్-39లో 50 శాతానికి పైగా, పొరపాటు హద్దుల్లో ఒకే వయసు చూపితేనే దాన్ని ప్లేటో అంటాం. ఆ ప్లేటో లేని అంకెని పట్టికలో పెట్టొద్దు. మరీ మెత్తగా దంచినా ముప్పే. రియాక్టర్‌లో పుట్టిన ఆర్గాన్-39 అణువు ఎదురుతన్ను వల్ల మైక్రాన్‌లో పదో వంతు దూరం ఎగిరి గింజ బయటికి పోగలదు.

2006లో షార్ప్, క్లేగ్ ఇలాంటి జాగ్రత్తలతో కొలిస్తేనే మలుపు మొదలు దాదాపు 5 కోట్ల ఏళ్ళకి వెనక్కి జరిగింది, సుయికో 6.09 దగ్గర నిలిచింది. మీరు పాత 6.47నీ పాత 4.3నీ జత చేశారు. ఒకటి ఎక్కువ వైపు తప్పు, ఇంకొకటి తక్కువ వైపు తప్పు, తీసివేస్తే రెండు తప్పులూ కలిసి కూర్చున్నాయి. అందుకే వేగం అంతగా పడిపోయింది.

మరొకటి. పట్టికలో వయసు పక్కన ప్రామాణికం (పోల్చి కొలవడానికి వాడే, వయసు ముందే తెలిసిన ఖనిజం) వయసు కూడా రాయించండి. ఫిష్ కాన్యన్ సానిడీన్‌ని ఒకప్పుడు 2.802 కోట్ల ఏళ్ళు అనుకుని లెక్కకట్టేవారు, ఇప్పుడు 2.8201 వాడుతున్నారు. తేడా 0.65 శాతం. 2.802 మీద 6.09 వచ్చిందనుకుంటే కొత్త ప్రామాణికం మీద అది 6.13 అవుతుంది. వేర్వేరు ప్రామాణికాల అంకెల్ని ఒకే గ్రాఫులో గీస్తే లేని వంకర కనిపిస్తుంది.

దిక్సూచి

రెండో సందేహం నాకు ఇష్టమైనది. కోర్ నుంచి అక్షాంశం రావడం గారడీ కాదు, ఒక్క సూత్రం: అయస్కాంత వాలు టాన్‌జెంట్ = 2 × అక్షాంశం టాన్‌జెంట్. వాలు అంటే అయస్కాంత రేఖ అడ్డంగా ఉన్న తలంతో చేసే కోణం. లావా చల్లారేటప్పుడు అందులోని టైటనోమాగ్నటైట్ గింజలు ఆనాటి భూ అయస్కాంత రేఖల వాలుని పట్టి ఉంచుకుంటాయి.

విద్యార్థుల చేత ఈ మూడూ వేయించండి. హవాయి 19.4 డిగ్రీల దగ్గర వాలు 35.2 డిగ్రీలు. 27 డిగ్రీల దగ్గర 45.5. సుయికో నేడు ఉన్నది దాదాపు 44.8 డిగ్రీల ఉత్తరాన, అక్కడ 63.3. సుయికో పుట్టినప్పుడు కూడా హాట్‌స్పాట్ 19 దగ్గరే ఉండి ఉంటే కోర్‌లో వాలు 35 రావాలి. వచ్చింది 45 చుట్టుపక్కల. పది డిగ్రీల తేడా, సరిగా కొలిస్తే తప్పిపోయేది కాదు.

సరిగా కొలవడంలోనే ఉంది కష్టమంతా. డ్రిల్ గొట్టం తిరుగుతూ పైకొచ్చే కోర్‌కి ఉత్తరం ఎటో తెలియదు, అందుకే దిశ వదిలేసి వాలు ఒక్కటే వాడతాం. బోరు నిలువుగా లేకపోతే ఆ వంపు నేరుగా మన జవాబులో కలుస్తుంది. డ్రిల్లింగ్ వల్లే రాతికి నిలువు దిశలో ఒక కొత్త అయస్కాంతత్వం అంటుకుంటుంది. దాన్ని అటూ ఇటూ దిశ మారుతూ తగ్గే అయస్కాంత క్షేత్రంతోనో, మెట్లుగా వేడిచేసో చెరిపేయాలి. చెరపకుండా కొలిస్తే వాలు ఎక్కువ చూపించి, అక్షాంశం ఉత్తరానికి జరుగుతుంది. గమనించండి, ఆ తప్పు మనకి కావలసిన జవాబు వైపే లాగుతుంది. అందుకే ప్రతి నమూనాకి చెరిపిన క్రమం చూపే గ్రాఫు చూడకుండా ఒప్పుకోకూడదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, భూ అయస్కాంత ధ్రువం వందల నుంచి వేల ఏళ్ళలో ఊగిసలాడుతుంది. ఒక్క లావా ప్రవాహం చల్లారడానికి పట్టేది రోజులో నెలలో. అది ఒక్క క్షణం ఫొటో మాత్రమే. వెంటవెంటనే పారిన పది ప్రవాహాలు కొలిచినా అవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే. వాలు దగ్గరగా ఉన్న ప్రవాహాల్ని ఒక గుంపుగా కట్టి, గుంపులకి సగటు తీయాలి. సుయికో విలువ ఇక్కడే. 1977లో గ్లోమార్ ఛాలెంజర్ నౌక 55వ యాత్రలో 433సి బోరు 550.5 మీటర్లు దిగింది, అందులో 387.5 మీటర్లు బసాల్ట్. సగటు తీయడానికి సరిపడా కాలం ఆ మందంలో దొరికింది. 27 డిగ్రీల అంకె 1980 నాటిదైనా ఇప్పటికీ నిలబడింది అందుకే.

ఒక్క కొండతో అంతా చెప్పలేం కాబట్టి 2001లో జోయిడిస్ రిజల్యూషన్ నౌక 197వ యాత్రలో డెట్రాయిట్, నింటోకు, కోకో సీమౌంట్లని తవ్వింది. టార్డునో, డంకన్ ఆ యాత్రకి సహనాయకులు. 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం దాదాపు 7.6 కోట్ల ఏళ్ళ డెట్రాయిట్ 34 డిగ్రీల దగ్గర, 4.9 కోట్ల ఏళ్ళ కోకో 21.7 దగ్గర పుట్టాయి. 12.3 డిగ్రీలు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 1,365 కి.మీ., 2.7 కోట్ల ఏళ్ళలో. హాట్‌స్పాట్ ఏడాదికి సుమారు 50 మి.మీ. దక్షిణానికి జారిందన్నమాట.

ఇప్పుడు మీ 99 మి.మీ. దగ్గరికి రండి. దాన్ని పలక వేగం అని రాయించకండి. అది పలక కదలిక, హాట్‌స్పాట్ జారుడు రెండూ కలిసిన అంకె. ఎంపరర్ వైపు రెండూ ఉన్నాయి, హవాయి వైపు దాదాపు పలక ఒక్కటే. 3,490ని 4.7 కోట్లతో భాగిస్తే వచ్చే 74 మి.మీ.తో దీన్ని పోల్చి పలక నెమ్మదించింది అనడం తప్పు.

దక్షిణ పసిఫిక్‌లోని లూయివిల్ వరసని కూడా ఒక ప్రశ్నగా ఇవ్వొచ్చు. 2010–11లో 330వ యాత్రలో అక్కడ తవ్వితే ఆ హాట్‌స్పాట్ అక్షాంశం పెద్దగా మారలేదని తేలింది. అంటే హాట్‌స్పాట్లన్నీ కట్టకట్టుకుని కదలలేదు, దేని దారి దానిది. మలుపుకి పలక దిశ మార్పు ఎంత, జారుడు ఆగడం ఎంత అన్న వాటాల మీద వాదన ఇంకా ఉంది. రెండూ ఉన్నాయన్న దానిమీద మాత్రం నాకు అనుమానం లేదు.

వించ్‌పక్కన

డ్రెడ్జ్ రాళ్ళ గురించి. పట్టికలో పెట్టొచ్చు, కానీ విడి వరసలో, రాయి ఏ లోతు నుంచి వచ్చిందో పక్కన రాసి.

ముందు మల్టీబీమ్‌తో (అడుగుకి ఒకేసారి అనేక ధ్వని కిరణాలు పంపే సోనార్‌తో) పటం గీయాలి. 5,000 మీటర్ల లోతులో ఒక డిగ్రీ బీమ్ పాదం దాదాపు 87 మీటర్లు. అంతకన్నా చిన్న గట్టు కనపడదు. నీటిలో ధ్వనివేగం పట్టిక పాతదైతే పటం అంచులు రెండు వైపులా పైకి లేచినట్టో కిందికి వాలినట్టో వస్తాయి. అది చూసి వాలు ఎంచుకుంటే డ్రెడ్జ్ బురదలో పడుతుంది.

డ్రెడ్జ్ అంటే ఇనప చట్రం నోరు, వెనక గొలుసు అల్లిన సంచి. 20 డిగ్రీలు దాటిన వాలు చూసి, కింద నుంచి పైకి, అర నాట్ నుంచి ఒక నాట్ వేగంతో లాగుతారు. డ్రెడ్జ్‌కి రెండు మూడు వందల మీటర్ల పైన తీగకి పింగర్ (ధ్వని పంపే పరికరం) కడితే అడుగు ఎంత దూరమో తెలుస్తుంది. తీగ మీద బిగువు చూపే ముల్లు మీద కన్ను తీయకూడదు. ముల్లు టక్కున ఎగిరి పడితే రాయి విరిగింది. ఎగిరి అక్కడే ఆగితే ఇరుక్కుంది. అప్పుడు వించ్‌తో బలంగా లాగకూడదు, ఓడని నెమ్మదిగా వెనక్కి డ్రెడ్జ్ మీదికి తెచ్చి తీగ నిలువు చేసి ఎదురు దిశలో విడిపించాలి. అదీ కుదరకపోతే తీగకన్నా ముందు తెగేలా పెట్టిన బలహీన లంకె తెగి, చట్రం పక్కకి తిరిగి ఊడివస్తుంది. ఆ లంకె పెట్టకుండా దించితే వేల మీటర్ల తీగే పోతుంది.

సంచి విప్పాక అసలు పరీక్ష. ఎంపరర్ వరస ఉత్తర భాగంలో మంచుదిమ్మలు మోసుకొచ్చి జారవిడిచిన రాళ్ళు విపరీతం. గ్రానైట్, డేసైట్ అయితే పరాయివని ఇట్టే తెలుస్తుంది. బసాల్ట్ అయితేనే మోసపోతాం. చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూడండి. కొండకి అతుక్కుని ఉన్న రాయికి ఒక వైపు మాంగనీస్ పొర నల్లగా, ముద్దముద్దగా ఉంటుంది, ఇంకో వైపు డ్రెడ్జ్ విరిచిన తాజా ముఖం ఉంటుంది. అన్ని వైపులా గుండ్రంగా అరిగి, చుట్టూ సమానంగా పొర ఉంటే అది విడిగా పడి ఉన్న రాయి. ఆ పొర పది లక్షల ఏళ్ళకి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి, కోట్ల ఏళ్ళ కొండ మీది రాయికి పొరే లేకపోతే ముందు దాన్ని అనుమానించాలి.

ఇక అది నిజంగా ఆ కొండదే అయినా ఏ దశది? హవాయి తరహా అగ్నిపర్వతం ముప్పాతికకు పైగా థోలియైట్ బసాల్ట్‌తో కవచం కట్టుకుంటుంది. చివర ఆల్కలిక్ లావా (థోలియైట్ కన్నా సోడియం, పొటాషియం ఎక్కువున్నది) టోపీలా పడుతుంది. లక్షల ఏళ్ళో, ఇంకా ఎక్కువో నిద్రపోయి మళ్ళీ కాస్త కక్కేవి ఉన్నాయి. ఓహూ ద్వీపంలోని హోనొలులు లావాలు అలాంటివే. శిఖరం దగ్గర డ్రెడ్జ్ చేస్తే దొరికేది ఆ టోపీ. దాని వయసు కచ్చితంగా కొలిచినా కొండ పుట్టిన వయసు కాదు. కింది వాలులోని థోలియైట్ కావాలి. మీ 4.3 కోట్ల వెనక ఇది కూడా ఒక కారణం.

లోతుకొలత

ముగ్గురికీ ధన్యవాదాలు. దిక్సూచి గారు చెప్పినట్టు 99 పక్కన ‘పలక + హాట్‌స్పాట్’ అని రాస్తాను. వించ్‌పక్కన గారి మాట మీద ‘దశ’ అని ఒక నిలువు వరస కలుపుతున్నాను.

ఇంకొక్కటి. 433 బోరు దగ్గర నీటి లోతు 1,862 మీటర్లు. అక్కడి లావా గాలిలో పారిందని ఎలా చెబుతారు? సముద్రపు పలక వయసుతో పాటు చల్లారి కుంగే సూత్రంతో లెక్కేస్తే అంత లోతు రావడం లేదు.

ఎర్రపొర

గాలిలో పారిందని కోర్ చూస్తే తెలుస్తుంది. నీటిలో పారితే పిల్లోలు, గాజు అంచులు ఉండాలి. సుయికోలో అవి కాదు, ప్రవాహాల తలలు ఆక్సిజన్ సోకి ఎర్రబడి ఉన్నాయి, గాలి బుడగల గుంతలు బాగా ఉన్నాయి, మధ్యలో ఎర్రమట్టి పొరలున్నాయి. డెక్కన్ ట్రాప్స్‌లో మహారాష్ట్ర ఘాట్ రోడ్డు కోతల్లో రెండు నల్ల ప్రవాహాల నడుమ ఇటుక రంగు చారలా కనిపించే రెడ్ బోల్ చూసినవాళ్ళకి ఇది వెంటనే బోధపడుతుంది. రెండు లావాల మధ్య ఎండ, వాన తగిలిన నేల అది.

లావా మీది అవక్షేపం కూడా చూడండి. తీరం దగ్గరి లోతులేని నీటిలో పెరిగే బ్రయోజోవా (గుంపులుగా బతికే చిన్న సముద్ర జీవులు), సున్నపు శైవలాల ముక్కలు ఉన్నాయి. పగడపు దిబ్బ కట్టలేదు. నేడు ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్న పగడపు దీవి కురే, అదీ ఇదే వరసలో 28.4 డిగ్రీల దగ్గర. అక్కడ పగడం పెరుగుదల నేల కుంగుదలతో సరిసమానంగా నెట్టుకొస్తోంది. ఆ హద్దు దాటాక దీవి మునగడమే. సుయికోకి ఆ రక్షణ లేదు, అలలు తల కోసి బల్లపరుపు చేశాక నేరుగా మునిగింది. ఇలా తల తెగిన సీమౌంట్‌కి గయో అన్న పేరు 1946లో హ్యారీ హెస్ పెట్టాడు. యుద్ధకాలంలో కేప్ జాన్సన్ నౌక మీద ఎకోసౌండర్ ఆపకుండా నడిపి పట్టుకున్నాడు వాటిని.

ఇక లెక్క. 1,862కి పైన అవక్షేపం 163 మీటర్లు కలపండి. బసాల్ట్ తల నేటి సముద్ర మట్టానికి 2,025 మీటర్ల కింద ఉంది. మీరు వాడిన సూత్రం 2,500 + 350 × వయసు వర్గమూలం (పది లక్షల ఏళ్ళలో) అయి ఉంటుంది. 2 కోట్ల ఏళ్ళ సముద్రపు పలక 8 కోట్లకి చేరేసరికి అది 350 × (8.94 − 4.47), అంటే సుమారు 1,565 మీటర్లే ఇస్తుంది. పలక మొదట్లోనే ముదురుదైతే ఇంకా తగ్గుతుంది.

మిగతాది రెండు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది కొండ సొంత బరువు. కింద పలకని విల్లులా వంచుతుంది, అదీ చాలా త్వరగా. హవాయి పెద్ద ద్వీపంలోని హిలో లక్షల ఏళ్ళ సగటున ఏడాదికి సుమారు 2.5 మి.మీ. కుంగుతూ వచ్చింది. ఆ వేగం పది లక్షల ఏళ్ళు సాగితే రెండున్నర కి.మీ. అవుతుంది, కానీ అంతకాలం అలా ఉండదు, లావా ఆగాక తగ్గిపోతుంది. రెండోది హాట్‌స్పాట్ ఉబ్బు. హవాయి చుట్టూ సముద్రపు అడుగు దాదాపు కిలోమీటరు ఎత్తు ఉబ్బి ఉంది, వెడల్పు వెయ్యి కి.మీ. పైమాటే. కొండ ఆ ఉబ్బు దిగి అవతలికి పోయేకొద్దీ ఆ ఎత్తు పోతుంది. సూత్రంలో ఈ రెండూ లేవు. 433 బోరు కొండ శిఖరం మీద కూడా కాదు కాబట్టి, 2,025ని ‘కనీసం ఇంత కుంగింది’ అనే చదవాలి, ఎందుకంటే ఆ లావా పారినప్పుడు సముద్రానికి ఎన్ని మీటర్ల పైన ఉందో ఆ ఎత్తు దీనికి కలపాలి.

పత్రంలో అడిగేటప్పుడు ‘సూత్రం ఎంత ఇస్తుంది, ఎంత తక్కువ పడింది, ఆ తక్కువకి కారణాలేమిటి’ అని మూడు ముక్కలుగా అడగండి. జవాబు కలవలేదని సూత్రంలో 350ని మార్చేసే పిల్లలు తప్పకుండా ఉంటారు. ఆ అంకె బరువు లేని మామూలు సముద్రపు అడుగుకి కట్టింది, దాన్ని కదపనివ్వకండి.